‘సునా నో ఉత్సువా’: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

1974 నాటి జపాన్ సినిమా ‘సునా నో ఉత్సువా’ (ఇసుక గిన్నె) మీద వచ్చిన ప్రశ్నలకే ఈసారి పేజీ మొత్తం ఇస్తున్నాం. మత్సుమోతో సెయిచో 1960, 61 సంవత్సరాల్లో యోమియురి దినపత్రిక సాయంత్రపు సంచికలో సీరియల్‌గా రాసిన అపరాధ పరిశోధక నవల దీనికి మూలం. దర్శకుడు నొమురా యోషితారో. స్క్రీన్‌ప్లే రాసింది హషిమోతో షినోబు, యమదా యోజి. మొదటి జవాబు తప్ప మిగతా అన్నిట్లోనూ హంతకుడెవరో తెలిసిపోతుంది. సినిమా చూడనివాళ్లు మొదటిది చదివి, చూశాక మిగతావాటికి రండి.

ప్రశ్న: బాగా నెమ్మదిగా సాగుతుందని విన్నాను. చూసేముందు తెలుసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

నెమ్మది అన్న మాట నిజమే. మొదటి గంటన్నరా ఇద్దరు డిటెక్టివ్‌లు ఎండలో చెమటలు కక్కుతూ రైళ్లెక్కి దిగుతుంటారు. వెంటాడటాలూ కొట్లాటలూ ఏమీ ఉండవు.

ముందు నిడివి చూసుకోండి. 143 నిమిషాలు ఉండాలి. అంతకన్నా బాగా తక్కువుంటే ఎక్కడో కోత పడిందన్నమాట. రెండోది తెర వెడల్పు. ఇది స్కోప్ సినిమా, పైనా కిందా నల్లపట్టీలు రావాలి. తెర నిండా బొమ్మ వస్తోందంటే రెండు పక్కలా నరికేశారు. విశాలమైన కొండల మధ్య, సముద్రపు ఒడ్డున చిన్నచిన్న మనుషులు నడిచే షాట్లు ఇందులో చాలా ముఖ్యం. పక్కలు పోతే ఆ షాట్ల పనే పోతుంది.

మూడోది సబ్‌టైటిల్స్. ఊళ్ల పేర్లు, తేదీలు, పరిశోధన వివరాలు చాలావరకు తెరమీద అక్షరాలుగా పడతాయి. మాటల్ని మాత్రమే అనువదించి ఆ అక్షరాల్ని వదిలేసిన కాపీ దొరికితే కథ సగం అర్థం కాదు. మొదటి పది నిమిషాల్లోనే ఇది తేలిపోతుంది.

ఆపి మళ్లీ చూసే అలవాటుంటే గంటన్నర లోపే ఆపండి. పోలీసుల ఉమ్మడి సమావేశం మొదలయ్యాక చివరిదాకా లేవొద్దు. ఆ భాగమంతా ఒకే సంగీత రచన మీద నడుస్తుంది, ఫోన్ స్పీకరుతో వింటే సగం పోయినట్టే.

ప్రశ్న: ‘కమెద’ కోసం అకితా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. తర్వాత హఠాత్తుగా ఇంకో మూలకి వెళ్లారు. దారి ఎక్కడ మారిందో పట్టుకోలేకపోయాను. ఆధారాల వరుస ఒకసారి చెబుతారా?

చాలామంది తప్పిపోయేది అక్కడే. 1971 జూన్ 24 తెల్లవారుజామున టోక్యోలోని కమాతా రైల్వే యార్డులో శవం దొరుకుతుంది. తల రాయితో చితగ్గొట్టి ఉంటుంది, జేబులో ఊరూ పేరూ చెప్పే కాగితం ముక్క ఉండదు. దగ్గర్లోని బార్‌లో ముందురోజు రాత్రి అతను ఒక యువకుడితో కూర్చున్నాడని తెలుస్తుంది. అక్కడివాళ్ల చెవిన పడినవి రెండే. పెద్దాయన మాట్లాడింది ఈశాన్యాన ఉన్న తోహోకు ప్రాంతపు యాస. మాటల మధ్య ‘కమెద’ అనే పేరు వచ్చింది.

యాస తోహోకుది, పేరు కమెద. అకితాలో ఆ పేరుతో ఊరుంది కాబట్టి డిటెక్టివ్‌లు ఇమనిషి, యోషిమురా అక్కడికి వెళతారు. తర్కం సరిగానే ఉన్నా ఫలితం సున్నా.

దారి మార్చేది హతుడి పెంపుడు కొడుకు. మా నాన్న తీర్థయాత్రకని బయల్దేరి తిరిగి రాలేదంటూ ఒకయామా నుంచి వచ్చి శవాన్ని గుర్తుపడతాడు. హతుడు మికి కెనిచి, పదవీ విరమణ చేసిన పోలీసు. తోహోకు ముఖమే చూడనివాడు. మరి ఆ యాస ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇమనిషి జాతీయ భాషా పరిశోధన సంస్థకి వెళతాడు. పడమటి జపాన్‌లో, షిమానె ప్రిఫెక్చర్‌లోని ఇజుమో ప్రాంతంలో కొంతమేర తోహోకును పోలిన ఉచ్చారణ ఉందని అక్కడ చెబుతారు. మికి ఉద్యోగం చేసింది ఆ వైపే. వెంటనే మ్యాపు తెచ్చుకుని రైలుమార్గం వెంబడి వేలు పెట్టి వెతుకుతాడు. ‘కమెదకె’ దొరుకుతుంది. బార్‌లో విన్నవాళ్లకి చివరి అక్షరం అందలేదు, అంతే. నవలలోనూ సినిమాలోనూ ఇదే అన్నిటికన్నా నిజాయితీ గల ఆధారం. ఎందుకంటే మొదటినుంచీ మనకి తెలిసినదే ఇమనిషికీ తెలుసు.

కమెదకెలో అందరూ మికి దేవుడంటారు. అంటే శత్రువులే లేరు, దారి మళ్లీ మూసుకుంది. అప్పుడు ఇమనిషి మికి యాత్రని వెనక్కి తవ్వుతాడు. ఇసే క్షేత్రంలో మికి వరసగా రెండు రోజులు ఒకే సినిమా హాలుకి వెళ్లాడు. అతను చూసింది సినిమాని కాదు, హాల్లో గోడకి తగిలించిన ఫొటోని. ఒక పెద్ద రాజకీయ నాయకుడి కుటుంబంతో పాటు, ఆ ఇంటికి కాబోయే అల్లుడు, సంగీతకారుడు వాగా ఎయిర్యో అందులో ఉన్నాడు. తన దగ్గర కొన్నాళ్లుండి పారిపోయిన కుర్రాణ్ణి మికి ఆ ముఖంలో గుర్తుపట్టాడు. ఇంటికి పోవాల్సినవాడు టోక్యో రైలెక్కింది అందుకే.

ప్రశ్న: రైలు కిటికీలోంచి అమ్మాయి తెల్ల ముక్కలు చల్లడం, అది ఎవరో పత్రికలో రాయడం, దాన్ని డిటెక్టివే చదవడం. ఇంత కాకతాళీయం మింగుడు పడలేదు.

మాకూ పడలేదు. రక్తపు మరకల చొక్కాని మాయం చేయాలంటే పొయ్యి ఉంది, నది ఉంది. కత్తెరతో ముక్కలు చేసి చూఓ లైను రైల్లోంచి చల్లడం చూడ్డానికి బాగుంటుందని పెట్టిందే. మూలనవలలోనూ ఇది ఉంది. యోషిమురా పట్టాల వెంట ఎండలో వంగి వెతికే దృశ్యంతో దర్శకుడు ఆ అతుకుని కొంత కప్పాడు. శ్రమ చూపిస్తే అదృష్టాన్ని జనం క్షమిస్తారు.

దొరికిన ముక్కల మీద రక్తం హతుడిదే అని తేల్చేది ‘ఓ’ గ్రూపు కావడం. జపాన్‌లో పదిమందిలో ముగ్గురిది ఆ గ్రూపే. డీఎన్ఏ పరీక్ష 1980ల మధ్యలో గానీ రాలేదు. కాబట్టి చొక్కా ఒక్కదానితో కేసు నిలబడదు. హత్య ఎందుకు జరిగిందో చెప్పకుండా వారెంటు అడగలేని స్థితి ఇమనిషిది. చివరి నలభై నిమిషాల సమావేశం అవసరమైంది అందుకే. బలహీనమైన ఆధారం స్క్రీన్‌ప్లేకి ఇలా పనికొచ్చింది.

ప్రశ్న: జపాన్ లాంటి దేశంలో ఒక కుర్రాడు పేరూ తల్లిదండ్రుల్నీ మార్చేసుకుని పెద్ద సంగీతకారుడైపోగలడా?

మామూలు రోజుల్లో కుదరదు. అక్కడ ప్రతి పౌరుడూ ‘కొసెకి’ అనే కుటుంబ రిజిస్టరులో ఉంటాడు. పుట్టుక, పెళ్లి, దత్తత, చావు అన్నీ అందులోకే ఎక్కుతాయి. ఎవరి కొడుకో, ఏ ఊరి మూలమో దాస్తే దాగదు. అసలు ప్రతి స్థానిక కార్యాలయంలో ఉంటే, నకలు వేరే ప్రభుత్వ కార్యాలయంలో భద్రంగా ఉంటుంది.

కథలోని కిటుకు ఆ రెండూ ఒకేసారి కాలిపోవడం. 1945 మార్చి 13 రాత్రి నుంచి తెల్లవారేదాకా ఒసాకా మీద అమెరికా విమానాలు నిప్పుబాంబులు కురిపించాయి. ఇది చరిత్ర. రిజిస్టర్లు పోయిన చోట, బతికున్నవాళ్లు వచ్చి చెప్పిన వివరాల్ని బట్టి కొత్తవి రాసేవారు. మికి ఇంటినుంచి పారిపోయిన ఆ కుర్రాడు, మొతొఉరా హిదెయో, ఒసాకాలో సైకిళ్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు. యజమాని దంపతులు బాంబుదాడిలో పోతారు. తర్వాత అతను కార్యాలయానికి వెళ్లి, వాళ్ల కొడుకు వాగా ఎయిర్యోని నేనేనని రాయించుకుంటాడు. కాదనడానికి మనిషీ లేడు, కాగితమూ లేదు.

ఇలాంటి మోసంలో దొరికిపోయే చోటు కాగితం కాదు, ఇరుగుపొరుగు. ఇమనిషి ఒసాకా వెళ్లి పాత వీధిలో మిగిలినవాళ్లని కదిపితే, ఆ దంపతులకి పిల్లలే లేరనీ, పనికుర్రాడు ఒకడు ఉండేవాడనీ బయటపడుతుంది.

ప్రశ్న: తండ్రికి కుష్ఠు వ్యాధి ఉందని కొడుకు హత్య చేయడం ఈ రోజుల్లో అతిగా అనిపిస్తుంది. వేరే కారణం పెట్టి ఉండొచ్చు కదా?

పెట్టి చూశారు. 2004లో వచ్చిన టీవీ సీరియల్ వ్యాధిని తీసేసి తండ్రిని నేరస్థుణ్ణి చేసింది. అప్పుడు ఊరివాళ్ల భయానికి ఒక న్యాయం దొరుకుతుంది, కథ కాళ్లు విరుగుతాయి. ఏ తప్పూ చేయని మనిషిని ఊరు తరిమేసిందన్నదే ఇక్కడ అసలు సంగతి.

జపాన్ చట్టం సంగతి చూడండి. 1907 చట్టం దిక్కులేకుండా తిరిగే రోగుల్ని ఆశ్రమాల్లో చేర్చమంది. 1931లో దాన్ని రోగులందరికీ వర్తింపజేశారు, ఇంట్లో ఉన్నా తీసుకుపోవచ్చు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రోమిన్ మందు వచ్చి వ్యాధి నయమవుతోందని తెలిశాక కూడా, 1953లో చేసిన కొత్త చట్టం నిర్బంధాన్ని కొనసాగించింది. అది రద్దయింది 1996లో. అంటే సినిమా థియేటర్లలో ఆడుతున్న నాటికి ఆ చట్టం అమల్లోనే ఉంది. ఆ నిర్బంధం రాజ్యాంగ విరుద్ధమని కుమమోతో జిల్లా కోర్టు 2001లో తీర్పు చెప్పింది, ప్రభుత్వం అప్పీలుకి వెళ్లలేదు. ఇంట్లో ఒకరికి ఈ వ్యాధి ఉందంటే మిగతావాళ్లకి పెళ్లిళ్లు కాని, ఉద్యోగాలు పోయే రోజులవి. ఒకయామా దగ్గర నగషిమా దీవిలో 1930లో పెట్టిన ఆశ్రమంలో చేరినవాళ్లు చాలామంది కుటుంబానికి చెడ్డపేరు రాకూడదని పేర్లు మార్చుకునేవారు. వాగా చేసింది అదే పని, తండ్రి వైపు నుంచి కాక కొడుకు వైపు నుంచి.

సినిమా తీస్తున్నప్పుడు రోగుల సంఘం అభ్యంతరం చెప్పింది. రోగిని ఇలా దయనీయంగా చూపిస్తే వివక్ష పెరుగుతుందన్నది వాళ్ల భయం. చర్చల తర్వాత సినిమా ఆఖర్లో ఒక ప్రకటన చేరింది. ఈ వ్యాధికి మందు ఉందనీ, కోలుకున్నవాళ్లు సమాజంలోకి వస్తున్నారనీ, వాళ్లకి అడ్డు అశాస్త్రీయమైన వివక్ష మాత్రమేననీ, మొతొఉరా చియోకిచి (సినిమాలోని తండ్రి) లాంటి రోగి ఇప్పుడు జపాన్‌లో ఎక్కడా లేడనీ దాని సారం. కొన్ని కాపీల్లో ఈ అక్షరాలకి సబ్‌టైటిల్ ఉండదు.

హత్యకి కారణం వ్యాధి అని మాత్రం అనుకోకండి. ఆశ్రమంలో ఉన్న తండ్రితో మికి ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపాడు. ఆ ముసలాయన ప్రతి ఉత్తరంలో అడిగేది కొడుకుని ఒక్కసారి చూడాలనే. ఆ మాట పట్టుకుని మికి టోక్యో వచ్చి, రాకపోతే మెడకి తాడు కట్టయినా లాక్కుపోతానంటాడు. మంచివాడి పట్టుదలే వాగాని గోడకి ఆనించింది. మికిలో ఒక్క పిసరు చెడు ఉన్నా ఈ కథ తేలిపోయేది.

ప్రశ్న: లఘుచిత్రాలు తీస్తుంటాను. సమావేశం, కచేరీ, తండ్రీకొడుకుల నడక అనే మూడింటినీ కలిపి చూపించిన పద్ధతి నేర్చుకోవాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

నవలలో ఆ ప్రయాణం దాదాపు లేదు. ఇషికావాలో ఊరొదిలిన తండ్రీకొడుకులు షిమానె చేరేదాకా ఏ దారుల్లో ఎలా నడిచారో వాళ్లిద్దరికే తెలుసు అన్న అర్థంలో రచయిత ఒక మాట అని వదిలేస్తాడు. హషిమోతో ఆ మాటని పట్టుకుని సినిమాలో నాలుగోవంతుకి పైగా దానికే ఇచ్చాడు. ఆయన మనసులో ఉన్న నమూనా జపాన్ బొమ్మలాట, జోరురి. అందులో ఒకరు కథ చెబుతారు, ఒకరు షమిసెన్ వాయిస్తారు, బొమ్మలు నోరెత్తవు. ఇక్కడ కథకుడు ఇమనిషి, వాద్యం వాగాది, బొమ్మలు ఆ తండ్రీకొడుకులు.

మీ పనికి దీన్నుంచి తీసుకోవాల్సినవి చెబుతాం. మూడు పాయలు కలపబోయే ముందే ‘ఎవరు’ అన్న ప్రశ్న తీర్చేయండి. సమావేశం మొదట్లోనే వాగాకి వారెంటు కావాలని ఇమనిషి చెప్పేస్తాడు. మిగిలేది ‘ఎందుకు’ ఒక్కటే. రెండు ప్రశ్నలు తెరిచిపెట్టి మూడు చోట్లకి తిరిగితే చూసేవాడు లెక్కలు వేసుకుంటూ కూర్చుంటాడు, మనసు పెట్టడు.

మాట ఒక్క పాయకే ఇవ్వండి. సమావేశంలో మాటలున్నాయి. కచేరీలో లేవు. నడకలో దాదాపు లేవు, ఊరి పిల్లలు రాళ్లు విసిరినా, పోలీసు తరిమినా మనకి వినిపించేది వాద్యబృందమే. కొత్తవాళ్లు చేసే తప్పు, జాలి పెంచాలని నడకలో కూడా మాటలు పెట్టడం. పెట్టగానే కథకుడి గొంతుకీ దానికీ పోటీ మొదలై రెండూ పలచబడతాయి.

కాలం లెక్క సంగీతం చేతిలో పెట్టండి. పియానో, ఆర్కెస్ట్రా కోసం రాసిన ‘షుకుమెయ్’ (విధి) రచన సుగానో మిత్సుఅకిది, సంగీత పర్యవేక్షణ అకుతగావా యసుషిది. సంగీతం మొదలైతే మధ్యలో ఆగదని శ్రోతకి తెలుసు కాబట్టి, వేదిక పక్కన డిటెక్టివ్‌లు వచ్చి నిలబడగానే ఉత్కంఠ దానంతటదే వస్తుంది. మీ చిత్రంలో సంగీతం ముందు పూర్తిచేసి, దాని మీద బొమ్మల్ని కోయండి. బొమ్మలు కోశాక సంగీతం అతికిస్తే మూడు పాయలూ మూడు సినిమాల్లా ఉంటాయి.

సమావేశానికి తిరిగి వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త వాస్తవం ఉండాలి. ఊరికే ముఖాలు చూపించడానికి రావద్దు. ఇమనిషి కన్నీళ్లు తుడుచుకునే షాట్ పనిచేసిందంటే, అప్పటిదాకా అతను తేదీలూ ఊళ్లే చదివాడు కనుక.

ఇక ఋతువులు. ఎండ, మంచు, పూత అన్నీ నిజంగా దొరికినప్పుడే తీశారు, దానికోసం నెలల తరబడి తిరిగారు. మంచు దృశ్యాలు ఉత్తరాన అవొమొరిలోని తప్పి అగ్రం దగ్గరివి. కథలోని దారికి అది ఎక్కడో దూరం. ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే అక్కడ చూపాల్సింది చలి. అంత డబ్బు మీకు లేకపోతే ఋతువులు రెండు చాలు, కానీ ఎదురెదురుగా ఉండేవి ఎంచుకోండి.

ఒక్క మాట వదలకండి. వాగాకి తండ్రిని చూడాలని లేదా అని యోషిమురా అడిగితే, ఇప్పుడు చూస్తూనే ఉన్నాడు, సంగీతంలో తప్ప ఇంకెక్కడా చూడలేడని ఇమనిషి బదులిస్తాడు. మూడు పాయలూ ముడిపడేది ఆ సంభాషణ దగ్గర. అలాంటి ముడి లేకుండా మూడు పాయలు మొదలుపెట్టొద్దు.

ప్రశ్న: ఏయే అవార్డులొచ్చాయి?

1974 సంవత్సరానికి మైనిచి చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ చిత్రం, దర్శకత్వం, స్క్రీన్‌ప్లే, సంగీతం. కినెమా జుంపో పత్రిక ఆ ఏటి జాబితాలో రెండో స్థానం ఇచ్చింది. 1975 మాస్కో చిత్రోత్సవంలో డిప్లొమా.

ప్రశ్న: నవల చదివి సినిమా చూడమంటారా, చూసి చదవమంటారా? ఆశ్రమంలో ఫొటో చూపించే దృశ్యం నవలలోనూ అలాగే ఉందా?

లేదు. నవలలో తండ్రి అప్పటికే చనిపోయి ఉంటాడు. సినిమా అతన్ని బతికించింది, మొత్తం మార్పుల్లో ఇదే పెద్దది. తండ్రిగా కతో యోషి నటించిన ఆ దృశ్యం మళ్లీ చూడండి. చక్రాల కుర్చీలో ఉన్న ముసలాయన చేతికి ఇమనిషి వాగా ఫొటో ఇస్తాడు. ఈయన మీకు తెలుసా అంటాడు. ఆయన ఒళ్లంతా వణుకుతుంది, గొంతులోంచి ఏడుపు తన్నుకొస్తుంది, కళ్లు ఫొటో మీంచి కదలవు. నోరు మాత్రం తెలియదంటుంది, ఇలాంటి మనిషిని ఎరగనంటుంది. కొడుకు అతన్ని కాదనుకుని బతికాడు, ఇతను కొడుకుని కాదని కాపాడాడు. డిటెక్టివ్‌కి కావలసిన సాక్ష్యం ఆ అబద్ధంలోనే దొరికింది.

నవలలో వాగా ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతం చేసే ఆధునికుడు. యువ మేధావుల బృందం ఒకటి, వాళ్లలో వాళ్లకి పోటీలు, అనుమానం మళ్లించే ఒక విమర్శకుడు ఉంటారు. మనిషికి వినబడని ధ్వని తరంగాలతో చంపడం కూడా ఉంది, ఆనాటి పాఠకులకి వింతగా ఉండేదేమో గానీ ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. సినిమా వీటన్నిటినీ తీసిపారేసి మేలు చేసింది. నష్టపోయింది ఆడపాత్రలు. చొక్కా ముక్కలు చల్లిన రియెకో సినిమాలో కథకి అవసరమైనంత సేపు కనిపించి చనిపోతుంది.

కాబట్టి ముందు సినిమా. నవల ఇంగ్లీషులో ‘ఇన్‌స్పెక్టర్ ఇమనిషి ఇన్వెస్టిగేట్స్’ పేరుతో దొరుకుతుంది. సినిమా చూశాక చదివితే, ఇమనిషి ఇంటి జీవితం, ఒక్కో ఆధారం కోసం అతను తిన్న ఎదురుదెబ్బలు అదనంగా దక్కుతాయి.

ప్రశ్న: ఇది నచ్చింది. తర్వాత ఏం చూడాలి?

ఇదే దర్శకుడు, ఇదే స్క్రీన్‌ప్లే జంట, ఇదే నవలా రచయిత కలిసి చేసిన 1961 నాటి ‘జెరో నో షోతెన్’ ముందు చూడండి. గతాన్ని దాచుకోవడానికి చేసే హత్య అందులోనూ ఉంది, ఈసారి మధ్యలో ఉన్నవాళ్లు ఆడవాళ్లు. ఒక రోజంతా తీరిక ఉంటే ఉచిదా తోము 1965లో తీసిన ‘కిగా కైక్యో’. మూడు గంటల పైచిలుకు. 16 ఎంఎం ఫిల్మ్ మీద తీసి 35కి పెంచారు కాబట్టి బొమ్మ ఇసుక రాలినట్టు ఉంటుంది, కాపీ పాడైందనుకుని కట్టేయకండి. కొసెకి సంగతి ఆసక్తిగా అనిపించినవాళ్లకి ఇషికావా కెయ్ తీసిన ‘అరు ఒతొకో’ (2022) ఉంది. హిరానో కెయిచిరో నవల ఆధారం, జపాన్ అకాడమీ బహుమతుల్లో ఉత్తమ చిత్రంతో కలిపి ఎనిమిది గెలిచింది. చనిపోయిన భర్త అసలు ఆ పేరుగలవాడే కాదని భార్యకి తెలియడంతో మొదలవుతుంది. నిడివి రెండు గంటలే.